స్కిబ్బరీన్ శనివారం

స్కిబ్బరీన్ చూడాలనుకుంటే శనివారం పొద్దున్నే వెళ్లాలి. ఐర్లండ్‌కి నైరుతి కొసన, కార్క్ నగరానికి ఎనభై కిలోమీటర్ల దూరంలో, ఐలెన్ ఏటి ఒడ్డున ఉంది ఆ ఊరు. సముద్రం కంటికి కనబడదు. పోటు వేళకి ఏటి నీళ్లు పైకి తన్నుకొచ్చినప్పుడు మాత్రం అది దగ్గర్లోనే ఉందని తెలుస్తుంది. శనివారం ఫెయిర్‌ఫీల్డ్ అనే ఖాళీ స్థలంలో సంత పెడతారు. చీజ్ గుండ్రాలు, పొగబెట్టిన చేపలు, అప్పుడే కాల్చిన రొట్టెలు, తేనె, ఆకుకూరలు, మట్టి అంటుకున్న బంగాళాదుంపలు. రంగురంగుల గోడల దుకాణాలు, కూడలిలో 1904లో నిలబెట్టిన విగ్రహం, పడవ పోటీల గురించి మాట్లాడుకునే కుర్రాళ్లు. ఒలింపిక్స్‌లో ఐర్లండ్‌కి పడవ పందాల మొదటి పతకం తెచ్చిన అన్నదమ్ములు ఈ చుట్టుపక్కల వాళ్లే. ఆ కబుర్లు వినిపించకుండా ఊళ్లోంచి ఎవరూ మనల్ని కదలనివ్వరు.

ఊరు పుట్టుకలోనే ఒక దెబ్బ ఉంది. 1631లో అల్జీరియా ఓడదొంగలు పక్కనున్న బాల్టిమోర్ రేవు మీద పడి వందమందికి పైగా మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయారు. మిగిలినవాళ్లలో కొందరు ఏటి వెంట పైకొచ్చి ఇక్కడ స్థిరపడ్డారనీ, అప్పటినుంచే ఈ పల్లె ఊరైందనీ చెబుతారు. తర్వాత రెండు వందల ఏళ్లలో అది ఆ ప్రాంతానికంతటికీ ధాన్యపు సంత అయింది. 1841 జనాభా లెక్కల నాటికి ఊళ్లో నాలుగున్నర వేలకు పైగా జనం. ఇప్పుడు సుమారు మూడు వేలు. ఈ రెండు అంకెల మధ్య జరిగినదే నేను చెప్పబోయే కథ.

ఆ కథలో నన్ను వదలనిది ఒకటే. స్కిబ్బరీన్ తిండి అమ్మే ఊరు. కరువు నడిబొడ్డున ఉన్నప్పుడు కూడా అక్కడ తిండి అమ్ముతూనే ఉన్నారు.

ముందు బంగాళాదుంప సంగతి. ఐర్లండ్‌లో భూమి చాలావరకు భూస్వాములది. వాళ్లలో ఇంగ్లండ్‌లో ఉండి శిస్తు తినేవాళ్లు చాలామంది. వాళ్ల దగ్గర కౌలుకి తీసుకున్న మధ్యవాళ్లు దాన్ని ముక్కలు చేసి కౌలుకిచ్చారు. ఆ ముక్కల్ని కౌలుదార్లు ఇంకా చిన్న ముక్కలు చేసి కూలీలకిచ్చారు. రైతు గోధుమ, ఓట్స్ పండించేది శిస్తు కట్టడానికి. పంది పెంచేది కూడా అందుకే. ఇంట్లో తినడానికి దుంప ఒక్కటే. అంత చిన్న ముక్కలో ఒక కుటుంబం ఏడాది పొడవునా బతికే పంట ఇంకోటి లేదు. కష్టం చేసే మగాడు రోజుకి ఐదారు కిలోల దుంపలు, దానికి తోడు మజ్జిగ తీసుకునేవాడు. వినడానికి దరిద్రంగా ఉన్నా ఆ తిండిలో బలం ఉంది. ఐర్లండ్ పేదలు మంచి ఒడ్డూ పొడుగూ ఉండేవాళ్లని అప్పటి యాత్రికులు ఆశ్చర్యపోయారు. వచ్చిన చిక్కల్లా దాదాపు ముప్ఫై లక్షల మంది ప్రాణం ఒకే మొక్క మీద, అందులోనూ ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం మీద ఆధారపడటం. పశ్చిమ కార్క్‌లో ఇళ్లలో నార బట్ట నేసే పని ఒకప్పుడు ఉండేది. అది 1820లలోనే దెబ్బతింది. ఇక చేతికి నాణెం తెచ్చే పని కూలి తప్ప మిగల్లేదు.

1845 శరదృతువులో తెగులు వచ్చింది. దాని శాస్త్రీయ నామం ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్. అప్పట్లో ఆ పేరూ లేదు, అది ఎందుకొస్తుందో తెలిసినవాడూ లేడు. ఆకు మీద నల్ల మచ్చ, రెండ్రోజుల్లో చేను చేనంతా నల్లబారడం, తవ్వితే దుంప కుళ్లి కంపు. ఆ ఏడాది పంటలో కొంత భాగమే పోయింది. లండన్‌లో ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ గుట్టుగా అమెరికా నుంచి లక్ష పౌన్ల విలువైన మొక్కజొన్న తెప్పించాడు. దాన్ని ఎలా వండాలో ఐరిష్ జనానికి తెలియక తిట్టుకున్నారు గానీ, ఆ ఏడాది ఆకలి చావులు ఆపింది అదే. 1846 జూన్‌లో పీల్ ప్రభుత్వం పడిపోయింది. అదే వేసవిలో తెగులు మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ మిగల్చలేదు.

పీల్ తర్వాత వచ్చిన జాన్ రస్సెల్ మంత్రివర్గానికి వ్యాపారం మీద గట్టి నమ్మకం. సర్కారు తిండి గింజలు తెచ్చి పంచితే వర్తకులు దెబ్బతింటారు, కనుక ధరల జోలికి పోకూడదు. కావాలంటే పనులు పెట్టి కూలి ఇద్దాం, ఆ కూలితో సంతలో కొనుక్కుంటారు. ఖజానా తాళంచెవి ఛార్లెస్ ట్రెవిలియన్ అనే అధికారి చేతిలో ఉంది. మహా కష్టజీవి, అవినీతి అంటని మనిషి. ఈ కరువు ఐరిష్ సమాజానికి పట్టిన రోగానికి దేవుడు పంపిన మందు అని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. లంచగొండి అయ్యుంటే కొంత మేలు జరిగేదేమో అని నాకనిపిస్తుంది. లంచగొండికి కనీసం ఒకచోట మెత్తదనం ఉంటుంది.

కరువు పని అంటే రోడ్లు వేయడం. ఎక్కడికీ పోని రోడ్లు, కొండ ఎక్కి ఆగిపోయే రోడ్లు. రోజుకి ఎనిమిది పెన్నీల చొప్పున కూలి. స్కిబ్బరీన్ పక్కన కాహెరా దగ్గర అలాంటి రోడ్డు మీద డెనిస్ మెకెనెడీ అనే మనిషి పనిచేస్తూ 1846 అక్టోబరు 24న కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్ష చేసిన వైద్యుల్లో డానియల్ డానవన్ ఒకడు. కడుపు కోసి చూస్తే జీర్ణాశయంలో ఏమీ లేదు. చిన్నపేగుల్లో ఏమీ లేదు. పెద్దపేగులో మాత్రం అరగని పచ్చి క్యాబేజీ ఆకు ముక్కలు దొరికాయి. ఆ మనిషికి సర్కారు అప్పటికి రెండు వారాల కూలి బాకీ. ఒక మేస్త్రీ లెక్క రాయాలి, దాన్ని ఒక ఇంజినీరు సరిచూడాలి, డబ్బు కార్క్ నుంచి రావాలి. విచారణ జరిపిన జ్యూరీ, ఇది ఆకలి చావేననీ, పనుల శాఖ ఘోర నిర్లక్ష్యమే కారణమనీ రాసిచ్చింది. చనిపోయినవాడు పని దొరకనివాడు కాదు, పని ఎగ్గొట్టినవాడూ కాదు. సర్కారు చెప్పిన దారిలోనే నడిచి, సర్కారు రోడ్డు మీదే పోయాడు.

డిసెంబరు వచ్చేసరికి మంచు మొదలైంది. అంతటి చలికాలాన్ని ఆ తరం చూడలేదు. పరిస్థితి చూడమని పంపిన ఒక సర్కారు ఉద్యోగి స్కిబ్బరీన్ నుంచి పైవాళ్లకి రాశాడు: దిక్కులేని పేదల్ని ఉంచే వర్క్‌హౌస్‌లో నవంబరు మొదటి వారం నుంచి చనిపోయినవాళ్లు రెండు వందలకు దగ్గర పడ్డారు, సందుల్లో, గుడిసెల్లో దొరికిన శవాలు ఇంకో వంద దాకా ఉన్నాయి. అదే ఉత్తరంలో ఇంకో మాట కూడా రాశాడు. ఇంత ఘోరం జరుగుతున్నా శనివారం సంత మాత్రం మాంసంతో, రొట్టెలతో, చేపలతో నిండుగా ఉందట.

ఈ వాక్యం దగ్గర ఆగాలి. సంతలో సరుకు ఉంది. సంతకి వచ్చే దారి పొడవునా జనం ఉన్నారు. ఆ జనం దగ్గర నాణెం లేదు. దుంప ఉన్నన్నాళ్లు వాళ్లు తిండిని డబ్బు పెట్టి కొన్నవాళ్లే కాదు. వాళ్ల తిండి సంతకి రాకుండానే చేలోంచి కుండలోకి వెళ్లేది. చేను కుళ్లిపోయిన రోజున అకస్మాత్తుగా కొనుగోలుదార్లు కావాల్సి వచ్చింది. వర్తకుడు అమ్ముతాడు, కూలీ కొంటాడు అని లండన్‌లో కాగితం మీద రాసుకున్న ఏర్పాటుకి అడ్డం ఏమీ లేదు, కూలి చేతికి రాకపోవడం, వచ్చినా దానికి తగ్గ గింజలు రాకపోవడం తప్ప. ఈలోగా ఐర్లండ్ రేవుల నుంచి ఓట్స్, పశువులు, వెన్న ఓడలెక్కుతూనే ఉన్నాయి.

ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నవంబరులోనే స్థానిక కమిటీ ఒకటి ఆవిరి మిల్లులో గంజి కేంద్రం తెరిచింది. డిసెంబరు మొదట్లో ఇద్దరు పాదరీలు, టౌన్‌సెండ్, కాల్‌ఫీల్డ్, లండన్ దాకా పోయి ట్రెవిలియన్‌ని కలిసి తిండి పంపమని వేడుకున్నారు. వాళ్లకి దొరికిన జవాబు సారాంశం: స్కిబ్బరీన్ ప్రాంతపు భూస్వాములకి ఏడాదికి యాభై వేల పౌన్ల శిస్తు వస్తోంది కదా, వాళ్లని అడగండి. లెక్క తప్పు కాదు. ఆ భూస్వాములు ఇవ్వాల్సినంత ఇవ్వలేదన్నదీ నిజమే. సర్కారు భూస్వామిని చూపిస్తే భూస్వామి సర్కారుని చూపించాడు. ఆ ఇద్దరి వేళ్ల మధ్యే ఆ చలికాలం గడిచిపోయింది.

ఆ నెల పదిహేనున కార్క్ మేజిస్ట్రేట్ నికొలస్ కమిన్స్, ఐదుగురు మోయగలిగినన్ని రొట్టెలు పట్టుకుని స్కిబ్బరీన్ దగ్గర సముద్రం ఒడ్డునున్న సౌత్ రీన్ అనే పల్లెకి వెళ్లాడు. పల్లె ఖాళీగా ఉన్నట్టు కనిపించి ఒక గుడిసెలో తల దూర్చాడు. మూల గడ్డి మీద, గుర్రానికి కప్పే గుడ్డ చినుగుల కింద ఆరు శవాలు కనబడ్డాయి. దగ్గరికి పోతే సన్నగా మూలుగు వినిపించింది. నలుగురు పిల్లలు, ఒక ఆడమనిషి, ఒకప్పుడు మగాడైనది. అందరూ జ్వరంతో ఉన్నారు, అందరూ బతికే ఉన్నారు. కాసేపటికి అలాంటి వాళ్లే రెండు వందల మంది ఆయన్ని చుట్టుముట్టారు. ఆయన ఈ సంగతంతా వెలింగ్టన్ డ్యూక్‌కి ఉత్తరంగా రాస్తే, అది క్రిస్మస్‌కి ముందు రోజు లండన్ టైమ్స్‌లో అచ్చయింది. ఫిబ్రవరిలో జేమ్స్ మహోనీ అనే కార్క్ చిత్రకారుడు వచ్చి ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌కి బొమ్మలు గీశాడు. దారిలో క్లొనకిల్టీలో ఒక తల్లి చనిపోయిన బిడ్డని చంకనేసుకుని, పెట్టె కొనడానికి చిల్లర అడుక్కోవడం ఆయన గీసిన వాటిలో ఒకటి.

అలా స్కిబ్బరీన్ పేరు మోగింది. ఐర్లండ్‌లో అంతకన్నా అన్యాయమైపోయిన ఊళ్లు ఉన్నాయి, వాటిని చూడ్డానికి ఎవరూ పోలేదు. ఇక్కడికి మాత్రం చూపరులు బయల్దేరారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. వాళ్లలో ఇరవై ఏళ్ల డఫరిన్ ప్రభువు ఒకడు. ఊళ్లో దిగి గంపెడు రొట్టెలు కొని పంచుదామనుకున్నారు. వాకిట్లో గుమిగూడిన ఆడవాళ్ల మధ్య అది సాధ్యం కాక కిటికీలోంచి విసరాల్సి వచ్చింది. కింద ఒక్కో ముక్క కోసం జరిగిన పెనుగులాట, అరుపులు ఆ కుర్రాళ్లు తమ పుస్తకంలో రాసుకున్నారు. చేతులకి పని లేని జాలి చివరికి ఎలా తయారవుతుందో ఆ పుటల్లో ఉంది. వాళ్లని తప్పు పట్టను. వచ్చారు, చూశారు, ఇచ్చారు. రానివాళ్లే ఎక్కువ.

వచ్చి వెళ్లిపోయినవాళ్ల కన్నా అక్కడే ఉండిపోయినవాళ్ల గురించి చెప్పాలి. డాక్టర్ డానవన్ వర్క్‌హౌస్ వైద్యుడు. పగలంతా గుడిసెలు తిరిగి, చూసింది పత్రికలకి రాశాడు. ఆకలి మనిషిని ఎలా చంపుతుందో వైద్యుడి కంటితో దశలవారీగా నమోదు చేశాడు: మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి, కొన్నాళ్లకి ఆ నొప్పి పోయి నీరసం, తీరని దాహం, చివరికి దేనిమీదా పట్టింపు లేకపోవడం. ఆ ఆఖరి దశలో తిండి పెట్టినా చాలామంది బతకలేదు. దగ్గర్లోని స్కల్ ఊరి పాదరీ రాబర్ట్ ట్రెయిల్ గంజి కేంద్రం నడుపుతూ 1847 ఏప్రిల్‌లో జ్వరంతో పోయాడు. నాటకకర్త జాన్ మిలింగ్టన్ సింజ్‌కి ఆయన తల్లి తరఫు తాత.

వర్క్‌హౌస్ 800 మంది కోసం కట్టింది. జనం దాన్ని అసహ్యించుకునేవాళ్లు. లోపలికి అడుగుపెట్టగానే మొగుణ్ణి ఒకవైపు, పెళ్లాన్ని ఒకవైపు, పిల్లల్ని ఒకవైపు పంపేవాళ్లు. 1846 చివరికి అదే జనం తలుపు దగ్గర పడిగాపులు కాశారు. 800 కోసం కట్టిన గోడల మధ్య అంతకన్నా ఎంతో ఎక్కువమందిని కుక్కారు. చంపింది ఆకలికన్నా జ్వరమే ఎక్కువ: టైఫస్, విరేచనాలు. శవాలకి పెట్టెలు చాలలేదు. అప్పుడు ఒక వడ్రంగి బుర్ర పనిచేసింది. అడుగున బందు వేసి, గడియ తీస్తే చెక్క కిందికి తెరుచుకునే పెట్టె తయారైంది. శవాన్ని అందులో పెట్టి మోసుకుపోవడం, గోతి మీద పట్టుకుని గడియ లాగడం, ఖాళీ పెట్టె తెచ్చి తర్వాతివాడికి వాడటం. ఆ గడియ చేసినవాడు బాగానే చేసి ఉంటాడు. అది రోజూ ఎన్నోసార్లు తిరిగింది.

ఆ గోతులు ఊరి పడమటి వైపు, ఐలెన్ ఒడ్డున ఆబిస్ట్రూరీ శ్మశానంలో ఉన్నాయి. పాత మఠం గోడ ముక్క పక్కన, సాఫుగా కత్తిరించిన ఒక పచ్చిక మడి. దాని మీద సమాధి రాళ్లు లేవు. చుట్టూ మాత్రం పేర్లు చెక్కిన రాళ్లు వరసలుగా ఉన్నాయి. ఆ మడి కింద ఎనిమిది నుంచి పది వేల మంది ఉన్నారని అంచనా. అప్పటి ఊరి జనాభాకి దాదాపు రెట్టింపు. టామ్ గెరిన్ అనే చిన్న పిల్లాణ్ణి చనిపోయాడనుకుని ఇక్కడే శవాల మధ్య పడేశారని, పార తగిలి కాళ్లు విరిగినప్పుడు ఏడిచి బతికిపోయాడని చెబుతారు. ఆ అవిటి కాళ్లతోనే 1910 దాకా ఈ వీధుల్లో తిరిగాడు. స్కూలుకి పోయే పిల్లలు దారిలో చూసి ఇళ్లకి వెళ్లి అడిగి ఉంటారు, ఆయన కాళ్లకి ఏమైందని.

1847 వసంతంలో సర్కారు మనసు మార్చుకుని ఉచితంగా గంజి పోయడం మొదలుపెట్టింది. ఆ జులైలో దేశం మొత్తమ్మీద రోజుకి ముప్ఫై లక్షల మంది తిన్నారు. అంటే చేయగలిగిన పనే అన్నమాట. శరత్తుకల్లా దాన్ని మూసేసి, భారమంతా స్థానిక పన్నుల మీదికి నెట్టారు. పైగా ఒక కొత్త నియమం: పాతిక సెంట్లకు మించి భూమి చేతిలో ఉన్నవాడికి సాయం లేదు. గంజి కావాలంటే భూమి వదులుకోవాలి. వదులుకున్నవాడి గుడిసె మర్నాటికి ఉండేది కాదు. 1841, 1851 జనాభా లెక్కల మధ్య స్కిబ్బరీన్ చుట్టుపక్కల లక్షకు పైగా ఉన్న జనంలో మూడో వంతు మాయమయ్యారు. ఎక్కువమంది చచ్చిపోయారు, ఓడ చార్జీ పెట్టుకోగలిగింది కొందరే. దేశం మొత్తం మీద పది లక్షల మంది పోయారు, అంతకన్నా ఎక్కువమంది వలసపోయారు. 1841లో ఆ ద్వీపంలో ఉన్న ఎనభై లక్షల పైచిలుకు జనాభాని ఈ రోజుకీ అది తిరిగి అందుకోలేదు.

తెలుగువాడికి ఇదంతా కొత్తగా అనిపించదు. స్కిబ్బరీన్ కరువుకి పదమూడేళ్ల ముందు, నందన నామ సంవత్సరంలో గుంటూరు జిల్లా జనంలో మూడో వంతు దాకా తుడిచిపెట్టుకుపోయారు. ఐర్లండ్‌లో రోడ్డు పనుల మీద జనం కూలుతున్న 1847లోనే ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది. కలకత్తాలోని కంపెనీ ఉద్యోగులు, సైనికులు ఐర్లండ్ కోసం అందరికన్నా ముందు చందాలు పోగు చేసి పంపారు. మనుషులు కూడా అటూ ఇటూ నడిచారు. ట్రెవిలియన్ కంపెనీ కొలువులో పెరిగినవాడే. కరువు సేవలకిగాను 1848లో సర్ బిరుదు అందుకుని, 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే గుంటూరుకీ, రాజమండ్రికీ కూడా. ఇక్కడ ఆయనకి మంచి పేరే వచ్చింది. కలకత్తా వేయబోయిన ఆదాయపు పన్ను ఈ దేశపు జనానికి తగదని బాహాటంగా ఎదిరించి, ఏడాది దాటీ దాటకుండానే పదవి పోగొట్టుకున్నాడు. స్కిబ్బరీన్ పాదరీలకి దొరకని మనిషి మద్రాసులో దొరికాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. కిటికీలోంచి రొట్టెలు విసిరిన డఫరిన్ 1884లో వైస్రాయి అయ్యాడు. ఈ దేశంలోని పేదలకి తిండి సరిపోతోందా అని 1887లో రహస్యంగా విచారణ చేయించాడు. మొత్తమ్మీద కంగారు పడాల్సింది లేదని ఆయన ప్రభుత్వం తేల్చి, నివేదికల్ని బయటికి రానివ్వలేదు. ధాత కరువు వచ్చి పోయి అప్పటికి పదేళ్లే.

స్కిబ్బరీన్ నుంచి ఓడెక్కినవాళ్లు అమెరికాలో ఆ ఊరి పేరుని పాట చేసుకున్నారు. పుట్టిన ఊరు ఎందుకు వదిలావని కొడుకు అడిగితే తండ్రి చెప్పే పాట. ఐర్లండ్‌లో తాగి కూర్చున్న ఏ గుంపులోనైనా ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. వెళ్లకుండా మిగిలినవాళ్లలో రాస్‌కార్బెరీకి చెందిన జెరమయ్యా ఓ డానవన్ అనే పిల్లాడున్నాడు. తండ్రి 1847లో కరువు పనులు చేస్తూ జ్వరంతో పోయాడు. ఇల్లు పోయింది, ఇంటివాళ్లు అమెరికా పోయారు. ఆ పిల్లాడు స్కిబ్బరీన్‌లో బంధువుల దుకాణంలో పనికి కుదిరి, పెద్దయ్యాక సొంతంగా వ్యాపారం పెట్టుకున్నాడు. 1856లో ఊళ్లోని గుమాస్తాలు, దుకాణదార్ల పిల్లలతో ఫీనిక్స్ సొసైటీ అని ఒక పఠన సంఘం పెట్టాడు. చదివింది తక్కువ, రాత్రుళ్లు కొండల్లో కవాతు చేసింది ఎక్కువ. రెండేళ్లకి అది సాయుధ తిరుగుబాటు కోసం పుట్టిన రహస్య సంఘంలో కలిసిపోయింది. ఆయన్ని రోసా అనేవాళ్లు. ఆ సంఘం కోసం పనిచేసినందుకు యావజ్జీవ శిక్ష పడి జైల్లో ఉండగానే 1869లో టిప్పరరీ ఓటర్లు ఆయన్ని పార్లమెంటుకి ఎన్నుకున్నారు. శిక్ష పడినవాడు కనుక ఆ ఎన్నిక చెల్లదన్నారు. 1871లో అమెరికాకి దేశబహిష్కారం. అక్కడే 1915లో చనిపోతే శవాన్ని డబ్లిన్‌కి తెచ్చి గ్లాస్‌నెవిన్‌లో పూడ్చారు. గోతి పక్కన నిలబడి మాట్లాడినవాడు పాట్రిక్ పియర్స్. మరుసటి ఏడు ఈస్టర్ తిరుగుబాటుకి నాయకత్వం వహించి తుపాకీ గుండ్లకి బలైంది ఆయనే.